పిల్లి నీళ్లు ఎక్కువ తాగుతోందా? ఎండే కారణం అనుకోకండి

అలియాబాద్, శామీర్‌పేట వైపు మన ఇళ్లల్లో పిల్లి కొత్తేమీ కాదు. వీధి పిల్లిని చేరదీసిన వాళ్లున్నారు, పర్షియన్ పిల్లిని కొనుక్కున్న వాళ్లూ ఉన్నారు. వయసు పైబడిన పిల్లుల్లో తరచుగా కనిపించే జబ్బు కిడ్నీలు చెడిపోవడం. ఇది చప్పుడు చేయకుండా వస్తుంది. తిండి మానేశాక డాక్టర్ దగ్గరకు తీసుకెళ్తే చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

తొలి గుర్తు ఏంటి?

కిడ్నీలు బాగుంటే ఒంట్లో నీటిని కాపాడుకుని, మూత్రాన్ని చిక్కగా పంపిస్తాయి. అవి బలహీనపడితే మూత్రం పల్చగా, ఎక్కువగా పోతుంది. ఆ లోటు తీర్చుకోడానికి పిల్లి మాటిమాటికీ నీళ్లు తాగుతుంది. "ఎండలు కదా, తాగనీ" అని ఇంట్లో ఊరుకుంటారు. కానీ లిట్టర్ ట్రేలో తడి గడ్డలు పెద్దవవుతున్నా, బరువు తగ్గుతున్నా, నోటి వాసన, వాంతులు ఉన్నా పరీక్ష చేయించాల్సిందే. షుగర్, థైరాయిడ్ జబ్బుల్లోనూ పిల్లి ఇలాగే నీళ్లు తాగుతుంది. అందుకే చూసి చెప్పడం కుదరదు.

గిన్నెలో నీళ్లు కొలిచి పోయండి, మర్నాడు మిగిలింది కొలవండి. వారం లెక్క రాసుకుని డాక్టర్‌కు చూపిస్తే సగం పని అయినట్టే.

రిపోర్టులో ఏం చూడాలి?

రక్తంలో క్రియాటినిన్ ముఖ్యం. డాక్టర్లు పాటించే ఐరిస్ లెక్క ప్రకారం పిల్లిలో అది 1.6 దాటితే రెండో దశ, 2.9 నుంచి మూడో దశ, 5 దాటితే నాలుగో దశ. మనుషుల రిపోర్టుతో దీన్ని పోల్చకండి. మనకు ఎక్కువ అనిపించే 1.5 పిల్లికి మామూలే కావచ్చు. జంతువును బట్టి లెక్క మారుతుంది. విదేశాల్లో పెంచే ఫెర్రెట్‌కు కిడ్నీలు చెడినా క్రియాటినిన్ అంతగా పెరగదు.

ఇక్కడో చిక్కుంది. కిడ్నీల పనితనం దాదాపు 75 శాతం పోయాకే క్రియాటినిన్ స్పష్టంగా పెరుగుతుంది. అది కండ నుంచి వచ్చేది కాబట్టి బక్కచిక్కిన పిల్లిలో తక్కువగానే కనిపిస్తుంది. అందుకే రక్తంతో పాటు మూత్రం చిక్కదనం కూడా చూడమని అడగండి. 1.035 కంటే తక్కువ ఉంటే అనుమానించాలి. ఎస్‌డీఎంఏ అనే పరీక్ష ఇంకా ముందే పసిగడుతుంది. బీపీ కూడా చూపించాలి.

పర్షియన్ పిల్లులకు కిడ్నీల్లో నీటి బుడగలు వచ్చే జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా పిల్లలకు రావచ్చు. పది నెలల వయసు దాటాక అల్ట్రాసౌండ్‌లో చాలావరకు తెలిసిపోతుంది. కొనేముందే అడగండి.

ఆగకూడని సందర్భాలు

మగ పిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతున్నా మూత్రం రాకపోతే తెల్లారేదాకా ఆగకండి, ప్రాణం పోతుంది. వలీమా బొకేల్లో వచ్చే లిల్లీ పూలు, వాటి పుప్పొడి, కుండీలో నీళ్లు కూడా పిల్లి కిడ్నీలను కొద్ది రోజుల్లోనే పాడుచేస్తాయి. మనం వేసుకునే నొప్పి గోలీలు అస్సలు వేయొద్దు. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు చెడి చచ్చిపోయాయి. అందుకే 2006లో కేంద్రం పశువులకు ఆ మందును నిషేధించింది.

స్థానిక పశువుల ఆస్పత్రిలో ఈ పరీక్షలు లేకపోతే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలలో, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో అడగొచ్చు.

పాత కిడ్నీ జబ్బు పూర్తిగా నయం కాదు. కానీ ముందే తెలిస్తే ఫాస్ఫరస్ తక్కువున్న తిండితో, మందులతో చాలా పిల్లులు ఏళ్ల తరబడి బతుకుతాయి. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన ఆడమనిషి గురించిన హదీసు మనకు తెలిసిందే. నోరులేని జీవి మన దగ్గర అమానత్. తిండి పెట్టడంతో పాటు, దాని నీళ్ల గిన్నెను గమనించడం కూడా మన బాధ్యతే.