ఎర్రకణానికి రక్షకుడు

1950వ దశకంలో అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో, చెరసాలలోని ఖైదీలకు ప్రైమాక్విన్ అనే మలేరియా మందు ఇచ్చి పరీక్షించారు. చాలామందికి ఏ హానీ కలుగలేదు. కొందరికి మాత్రం కొద్దిరోజులలోనే మూత్రం నల్లబడి, కళ్ళు పచ్చబడి, రక్తం క్షీణించింది. మందు ఒక్కటే అయినా ఫలితం వేరయింది. దీనికి కారణాన్ని 1956లో కార్సన్, ఆల్వింగ్ మొదలైన శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఆ కొందరి ఎర్రరక్తకణాలలో గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము లోపించింది. దీనినే క్లుప్తంగా జి6పిడి అంటారు.

ఎర్రకణం ప్రాణవాయువును మోస్తుంది. ఆ వాయువు నుండి పుట్టే కొన్ని తీక్ష్ణపదార్థాలే దానికి శత్రువులు. వాటిని అణచే గ్లూటాథయోన్‌ను ఎప్పటికప్పుడు పునరుద్ధరించే శక్తి ఈ ఎంజైము వల్లనే లభిస్తుంది. ఇతర కణాలకు వేరే మార్గాలున్నాయి. ఎర్రకణానికి ఇదొక్కటే దిక్కు. పరిణతి చెందిన ఎర్రకణంలో కేంద్రకం ఉండదు కనుక, తరిగిన ఎంజైమును తిరిగి తయారుచేసుకోలేదు. రక్షణ కొరవడినప్పుడు కణం చిట్లిపోతుంది.

ఈ ఎంజైమును నిర్దేశించే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. పురుషునికి ఎక్స్ ఒక్కటే కాబట్టి, అందులో దోషముంటే లోపం బయటపడుతుంది. స్త్రీకి రెండు ఉన్నందువల్ల ఒకటి మరొకదాని కొరత కొంత తీరుస్తుంది. ఒక ఎక్స్‌లో దోషమున్న తల్లి నుండి ప్రతి కుమారునికీ అది సంక్రమించే అవకాశం సగం.

ప్రపంచంలో సుమారు 40 కోట్లమందికి ఈ లోపం ఉన్నదని అంచనా. వారిలో అత్యధికులు మామూలుగా ఆరోగ్యవంతులే. కొన్ని మందులు, అంటురోగాలు, బట్టల మధ్య ఉంచే నాఫ్తలీన్ కలరా ఉండలు, మధ్యధరా ప్రాంతీయులు తినే ఫావా చిక్కుడు గింజలు వారికి ముప్పు తెస్తాయి. మన పెరటి చిక్కుడు వేరే జాతి.

ఇంత విస్తృతంగా ఈ దోషం నిలిచి ఉండడానికి కారణం మలేరియాయే. ఈ లోపమున్న కణాలలో మలేరియా క్రిమి సుఖంగా వృద్ధి చెందలేదు. అందుచేత మలేరియా ప్రబలిన దేశాలలో దోషమే కొంత రక్షణ అయింది. భారతదేశంలోని గిరిజనులలో అధికంగా కనిపించే ఒక రూపానికి 1995లో 'జి6పిడి ఒరిస్సా' అని పేరు పెట్టారు.

ఇక్కడే చిక్కు ఉంది. కాలేయంలో దాగిన వైవాక్స్ మలేరియా క్రిమిని నిర్మూలించడానికి ప్రైమాక్విన్ అవసరం. ఆ మందు ఎక్కువగా కావలసిన చోటనే, దానిని సహించలేనివారూ ఎక్కువ. చిన్న రక్తపరీక్షతో ఈ లోపాన్ని ముందుగా కనుగొనవచ్చు. జన్యువును మార్చుకోలేకపోయినా, ముందు తెలుసుకొంటే ఆపదను తప్పించుకోవచ్చు. ఔషధం ఎంత గొప్పదైనా, పుచ్చుకొనే దేహాన్ని ఎరిగి ఇచ్చినప్పుడే అది అమృతమవుతుంది.