బండి వణికితే ఇంజినే విప్పాలా?

మా చిన్నోడు సోలాపూర్‌లో చద్దర్ల గట్టాలు మోసే వ్యాను నడుపుతాడు. 60 దాటితే స్టీరింగు వణికేది. ఇంజిను దించాలన్నాడు మెకానిక్. కోడలు గాజులు కుదువబెట్టబోయింది. ఆగమన్నాను. లూము మీద చెయ్యి పెట్టి అదురు ఎక్కడిదో పట్టినోణ్ణి గదా!

నిలబెట్టి రేసు ఇస్తే వణుకు లేదు. ఖాళీ రోడ్డు మీద, 60లో న్యూట్రల్ చేయించినా వణుకు పోలేదు. అంటే ఇంజినుది కాదు, చక్రాలదే. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డ్రమ్మో డిస్కో చూడాలి. ఇది తొక్కకున్నా వణికేది. ముందు చక్రాలు వెనక్కి మార్చాం. స్టీరింగు కుదురుకుంది, సీటు కింద అదిరింది! జాకీ పెట్టి ఆ చక్రాలు తిప్పి చూస్తే, ఒక టైరు లోపలి పక్క నిమ్మకాయంత ఉబ్బు.

టైరు మార్చి బ్యాలెన్సింగ్ చేయించాం. ఆ ఉబ్బుతోనే వాడు ముందురోజు పుణె దాకా పోయొచ్చాడు, నిండు లోడుతో.