జబ్బు తగ్గిపోయింది, మరి సంతోషం ఎందుకు రాలేదు?

మామూలుగా ఇక్కడ మా పెనుగొండ కబుర్లు, కాలవగట్లు, తిండి, ఇవే కదా మాట్లాడుకుంటాం. ఇవాళ వేరే విషయం. రెండేళ్ల కిందట ఎనిమిది నెలలు ఒక్క వీడియో కూడా పెట్టలేదు. "ఏమైందక్కా" అని చాలామంది అడిగారు. పరీక్షలకి చదువుకుంటున్నానని చెప్పాను. అది అబద్ధం. నాకు క్యాన్సర్ వచ్చింది. హాడ్జ్‌కిన్ లింఫోమా అంటారు దాన్ని.

హమ్మయ్య, చెప్పేశాను. ఈ ఒక్క ముక్క చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ముందు ఆ జబ్బేంటో చెప్తాను. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో మనకి చిన్న చిన్న గ్రంథులుంటాయి. ఎక్కడైనా పుండు పడితే "బిళ్ల కట్టింది" అంటాం చూడండి, అవే. ఆ గ్రంథుల్లో మొదలయ్యే క్యాన్సర్ ఇది. థామస్ హాడ్జ్‌కిన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1832లో దీని గురించి రాశాడు, అందుకే ఆ పేరు. ఇందులో రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఇది ఎక్కువగా వచ్చేవాళ్లలో ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్న కుర్రవాళ్లు ఉంటారు. రెండోది, బాగా నయమయ్యే క్యాన్సర్లలో ఇదొకటి.

నాకు మెడకి ఎడమపక్క ఒక గడ్డ వచ్చింది. నొప్పి లేదు. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి దిండు తడిసిపోయేలా చెమటలు, బరువు తగ్గడం. ఇవన్నీ టీబీలో కూడా ఉంటాయి కాబట్టి ముందు అందరం టీబీ అనే అనుకున్నాం. గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకి పంపితేగాని అసలు సంగతి తేలలేదు. నెలల తరబడి తగ్గని గడ్డ ఉంటే, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. దయచేసి చూపించుకోండి.

తర్వాత రాజమండ్రిలో కీమో. నాలుగు రకాల మందులు, పదిహేను రోజులకోసారి, మొత్తం పన్నెండు సార్లు. అందులో ఒకటి ఎర్రగా, అచ్చం రోజ్‌మిల్క్ రంగులో ఉంటుంది. అది ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే గుండె ఆగిపోతుంది! అప్పటినుంచి రోజ్‌మిల్క్ తాగడం మానేశాను. రాజమండ్రి వెళ్లి రోజ్‌మిల్క్ వద్దనే మనిషిని మీరు చూసుండరు.

జుట్టు రాలడం, వాంతులు, ఇవన్నీ మీరు సినిమాల్లో చూసినవే కాబట్టి ఎక్కువ చెప్పను. సినిమాల్లో చూపించనిది ఇంకోటుంది. మా ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నారు. "రేపు పెళ్లి సంబంధాలు రావాలి, ఊళ్లో తెలిస్తే ఎలాగ" అని మా మేనత్త. అమ్మ పక్కింటివాళ్లకి టైఫాయిడ్ అని చెప్పింది. వాళ్ల మీద నాకు కోపం లేదు, నిజంగా లేదు. వాళ్ల భయం వాళ్లది. కానీ ఆరు నెలలపాటు నా జబ్బు ఏదో నేను చేసిన తప్పులా అనిపించింది. స్కార్ఫ్ కట్టుకుని డాబా మీద కూర్చుంటే అమ్మవారి గుడి గోపురం కనపడేది. మాది వాసవీ కన్యకా పరమేశ్వరి అమ్మవారి ఊరు కదా, ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. తెల్ల రక్తకణాలు తగ్గి ఉన్నప్పుడు జనంలోకి వెళ్లొద్దన్నారు కాబట్టి, ఊళ్లో ఉండి కూడా నేను మాత్రం వెళ్లలేకపోయాను.

చివరి కీమో అయ్యాక పెట్-సీటీ స్కాన్ తీశారు. క్లియర్. నాన్న ఆస్పత్రి వరండాలోనే ఏడ్చేశారు. అమ్మ మొక్కులు లెక్కపెట్టుకుంది. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. సంతోషం రాలేదు, ఏడుపూ రాలేదు. ఇంటికొచ్చి మూడు రోజులు గోడకేసి తిరిగి పడుకున్నాను.

"గండం గడిచింది కదే, ఇంకా మొహం అలా పెడతావేంటి" అని అందరూ. నాకూ అదే అనుమానం. నేను మంచిదాన్ని కాదేమో, దేవుడిచ్చిన దానికి విలువ తెలియనిదాన్నేమో అని.

తర్వాత తెలిసింది, ఇది చాలామందికి జరుగుతుందని. వైద్యం జరిగినన్నాళ్లూ మనసుకి ఒక పని ఉంటుంది. ఇవాళ రక్తపరీక్ష, ఎల్లుండి కీమో, అంతే. భయపడటానికి తీరిక ఉండదు. అది అయిపోయాక అప్పటిదాకా దాచుకున్న భయమంతా ఒక్కసారి వస్తుంది. పైగా ప్రతి చెకప్ ముందు వారం రోజులు నిద్రుండదు. ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడుతుంది, ఆ సంగతి మనకి తెలుసు కూడాను. నీరసం కూడా మామూలుది కాదు, పడుకుంటే పోయేది కాదు. దానికి కొంచెం కొంచెంగా నడవడమే మందు అని డాక్టరుగారు చెబితే మొదట నేను నమ్మలేదు.

రీల్స్‌లో చూస్తుంటాం కదా, "క్యాన్సర్ నా జీవితాన్ని మార్చేసింది, అదొక వరం" అని. నాకు ఒళ్లు మండేది. వరం ఏంటండీ? అయితే రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కల్హూన్ అని ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు ఇదే విషయం మీద పనిచేశారు. పెద్ద దెబ్బ తిన్నవాళ్లలో కొందరు తర్వాత జీవితాన్ని వేరుగా చూడటం ఎందుకు మొదలుపెడతారు అని. దాన్ని కొలవడానికి 1996లో 21 ప్రశ్నల పట్టిక ఒకటి ఇచ్చారు. వాళ్లు చెప్పిన దాంట్లో నాకు నచ్చింది ఏంటంటే, ఆ మార్పు జబ్బు వల్ల రాదు, జబ్బు తర్వాత మనం మనసుతో పడే కుస్తీ వల్ల వస్తుంది. అందరికీ రావాలని లేదు. వచ్చినా బాధ పోదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. అది చదివాక నాకు సగం బరువు దిగింది.

సమంత గారిది కూడా చూడండి. మయోసైటిస్ వచ్చిందని 2022 అక్టోబరులో బయటపెట్టారు. 'యశోద' డబ్బింగ్ చెబుతూ చేతికి సెలైన్‌తో ఉన్న ఫోటో అది. పూర్తిగా తగ్గాక చెబుదామనుకున్నాను, కానీ అనుకున్నదానికంటే ఎక్కువ టైం పడుతోంది అన్నట్టు రాశారు. తగ్గిపోయాక చెప్పుకునే విజయగాథ కాదు, మధ్యలో ఉండగానే చెప్పిన మాట. గౌతమి గారైతే 35 ఏళ్ల వయసులో రొమ్ములో గడ్డని తనకి తానే గుర్తించారు. తర్వాత దాని గురించి బాహాటంగా మాట్లాడటమే కాదు, 'లైఫ్ అగైన్' అని ఒక ఫౌండేషన్ పెట్టారు. దాచమన్న మా ఇంటికి, వీళ్లకి ఎంత తేడా అనిపించింది. వాళ్లు సెలబ్రిటీలు, వాళ్లకి చెల్లుతుంది అంటుంది మా మేనత్త. అదీ నిజమే, కాదనను.

సరే, నాకు సంతోషం ఎప్పుడొచ్చిందో చెప్తాను. చిన్న విషయం, నవ్వకండి.

కీమోలో నోరంతా ఇనప ముక్క చప్పరించినట్టు ఉండేది. ఏది తిన్నా అదే రుచి. పైగా పచ్చివి వద్దు, నిలవున్నవి వద్దు, అప్పటికప్పుడు వండిందే తినాలి. అన్నీ కుదుటపడ్డాక ఒకరోజు పొద్దున్న నాన్నమ్మ చద్దన్నంలో గడ్డపెరుగు కలుపుకుని, ఉల్లిపాయ, మాగాయ టెంక పెట్టుకుని తింటోంది. నేను వెళ్లి పక్కన కూర్చుని, "నాకో ముద్ద పెట్టు నాన్నమ్మా" అన్నాను. పెట్టింది. పుల్లగా తగిలింది. నిజంగా పుల్లగా! తర్వాత ఉప్పు, తర్వాత కారం. నాకు నవ్వాగలేదు. నాన్నమ్మ, "ఏంటే పిచ్చిదానా" అంటూనే గిన్నె మొత్తం నా వైపు తోసేసింది. స్కాన్ క్లియర్ అన్నప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆ తర్వాతే నడక మొదలుపెట్టాను. మొదట వీధి చివరిదాకా, తర్వాత కాలవగట్టు మీద. నాలుగు నెలలకి సైకిల్ మీద సిద్ధాంతం దాకా వెళ్లి వంతెన దగ్గర నిలబడి వశిష్ఠ గోదావరిని చూశాను. చిన్నప్పట్నుంచి బస్సు కిటికీలోంచి చూస్తున్న గోదారే. కొత్తగా ఏమీ లేదు. కానీ గంటసేపు ఫోన్ తియ్యలేదు.

నేనేమీ మారిపోలేదండీ. తమ్ముడు ఛార్జర్ తీసుకెళ్తే ఇప్పటికీ అరుస్తాను. భక్తి పెరగలేదు, అమ్మకి ఆ బెంగ ఉంది. ఒక్కటి మాత్రం మారింది. ఎవరైనా రమ్మంటే "తర్వాత చూద్దాం" అనడం తగ్గింది. మనుషుల దగ్గర కూర్చోవడం పెరిగింది. జుట్టు ఇప్పుడు భుజాల దాకా వచ్చింది, ఇదివరకు లేని ఉంగరాలు తిరిగి మరీ. మొన్న వేసవిలో మల్లెపూలు పెట్టుకున్నాను.

ఈ వీడియో పెడతానంటే ఇంట్లో రెండు రోజులు గొడవైంది. చివరికి నాన్న, "దాని జబ్బు, దాని ఇష్టం" అన్నారు. మేనత్త ఇంకా మాట్లాడట్లేదు. అత్తా, ఇది చూస్తుంటే, నీ చేతి పనసపొట్టు కూర తినడానికి ఆదివారం వస్తున్నాను, తలుపు తియ్యి.

వచ్చే నెల మళ్లీ చెకప్. భయంగానే ఉంది. తిరిగొచ్చేటప్పుడు ఆత్రేయపురం మీదుగా వచ్చి పూతరేకులు కొందామంటున్నారు నాన్న. రిపోర్టు ఎలా ఉన్నా సరేనా అని అడిగాను. "రిపోర్టుకీ పూతరేకులకీ ఏంటమ్మా సంబంధం" అన్నారు.