ఏనుగు కాలి ఉచ్చు తీసేదెవరు?

పిల్లలూ! మీ కాలిలో ముల్లు దిగితే అమ్మ తీస్తుంది. మీరు కుయ్యో మొర్రో అన్నా, చివరికి కదలకుండా కూర్చుంటారు. మరి ఆఫ్రికా అడవిలో ఏనుగు కాలికి ఇనపతీగ బిగుసుకుంటే ఎవరు తీస్తారు? తీయవచ్చినవాడు మిత్రుడని ఏనుగుకు తెలియదు గదా!

దొంగవేటగాళ్ళు జింకల వంటి మృగాల కోసం తీగ ఉచ్చులు పన్నుతారు. వాటిలో ఏనుగుల కాళ్ళు కూడా చిక్కుకుంటవి. గుంజుకున్నకొద్దీ తీగ చర్మాన్ని కోసుకుంటూ లోపలికి దిగుతుంది. దాన్ని తీయకపోతే పుండు ముదిరి ఏనుగు ప్రాణానికే ముప్పు.

పూర్వం జంతువులను పట్టడానికి తాళ్ళు, వలలే సాధనాలు. 1958లో, నేటి జాంబియా, జింబాబ్వేల సరిహద్దున, జాంబెజీ నదికి కరీబా వద్ద ఆనకట్ట పడింది. నీరు పెరిగి వేలాది జంతువులు మిట్టలమీద చిక్కుపడ్డవి. రూపర్ట్ ఫాదర్‌గిల్ అనే అధికారి తన బృందంతో పడవలమీద వెళ్ళి, కొన్నేళ్ళలో 6,000కు పైగా జంతువులను కాపాడాడు. మామూలు తాళ్ళు కాళ్ళను కోస్తాయని, స్త్రీలు ఇచ్చిన పాత నైలాన్ మేజోళ్ళను జడలాగా అల్లి, వాటితో కట్టారు!

కాని అడవి ఏనుగు మేజోళ్ళకు లొంగుతుందా? దానికి మత్తుమందు కావాలి. న్యూజీలండు దేశస్థుడు కాలిన్ మర్డక్ 1950లలో మత్తుసూదిని దూరంనుంచి వేసే తుపాకి తయారుచేశాడు. 1960 ప్రాంతాన ఎటార్ఫిన్ అనే మందు వచ్చింది. ఇది మార్ఫిన్ కంటే వెయ్యి రెట్లకు మించి బలమైనది. పెద్ద ఏనుగుకు గ్రాములో సుమారు యాభయ్యో వంతు చాలు. అదే మనిషి ఒంట్లోకి పోతే ప్రాణాపాయం. అందుకే వైద్యులు చేతితొడుగులు వేసుకుని, విరుగుడు దగ్గర ఉంచుకుంటారు.

సూది తగిలిన సుమారు పది నిమిషాలకు ఏనుగు తూలి పడిపోతుంది. పని అయిపోయిందనుకున్నారా? అసలు పని అప్పుడే మొదలు!

ఏనుగు బోర్లా పడితే దాని బరువే రొమ్మును నొక్కి ఊపిరాడనివ్వదు. వెంటనే తాళ్ళు వేసి లాగి, పక్కకు పడుకోబెడతారు. తొండం చాపి, కొన మూసుకుపోకుండా చిన్న పుల్ల అడ్డం పెడతారు. ఒకరు ఊపిరులు లెక్కపెడుతూనే ఉంటారు. ఎండ తగలకుండా కంటిమీద చెవిని కప్పి, ఒళ్ళు చల్లబడటానికి నీళ్ళు పోస్తారు. ఈలోగా వైద్యుడు తీగ కత్తిరించి, పుండు కడిగి మందు వేస్తాడు. కెన్యాలో ఆపైన పచ్చని బంకమట్టి కూడా పూస్తారు.

చివరకు చెవి నరంలోకి విరుగుడు ఎక్కించి, అందరూ దూరంగా వెళ్ళిపోతారు. రెండు మూడు నిమిషాల్లో ఏనుగు లేచి తన దారిన పోతుంది.

ఒక్కొక్క జంతువుది ఒక్కొక్క తీరు. జిరాఫీకి మత్తు ఎక్కువసేపు ఉండటం ప్రమాదం. కనక అది నేలపడగానే విరుగుడు ఇచ్చి, కళ్ళకు గంతలు కట్టి, మనుషులే తలా మెడా అదిమి పట్టుకుంటారు. ఖడ్గమృగాన్ని దారిలేని చోటినుంచి తరలించాలంటే, కాళ్ళు కట్టి తలకిందులుగా హెలికాప్టరుకు వేలాడదీస్తారు! అలా వేలాడితే దానికి ఊపిరాడుతుందా? నమీబియాలో 12 ఖడ్గమృగాలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, పక్కకు పడుకున్నప్పటికంటే కొంచెం మెరుగ్గానే ఆడుతున్నదని 2021లో తెలియజేశారు.

చూశారా! జంతువును పడగొట్టడానికి ఒక్క సూది చాలు. దాన్ని తిరిగి లేపడానికి ఎందరో కనిపెట్టి ఉండాలి. కనక గాయపడ్డ అడవిజంతువు ఎక్కడైనా కనబడితే జాలిపడి దగ్గరకు పోకండి. పెద్దలతో చెప్పి, అటవీశాఖవారికి కబురు చేయించండి. మీరు చేయగల మేలు అదే.