బుల్లస్ పెంఫిగాయిడ్ – అంటువ్యాధి కాని బొబ్బల వ్యాధి

కర్నూలు, కడప ప్రాంతముల పల్లెలలో ఒక వృద్ధుని ఒంటిపై బొబ్బలు లేచినచో, ‘వేడి చేసినది’ అని ఒకరును, ‘సర్పి’ అని మరొకరును, ‘అమ్మవారు’ అని వేరొకరును అనుకొనుట మనమెరిగినదే. ఆ అనుమానముతో ఆయన మంచము వసారాలోనికి చేరును. కంచము, చెంబు వేరగును. కాని బొబ్బలన్నియు అంటుకొనునవి కావు. అంటుకొననట్టి వ్యాధులలో బుల్లస్ పెంఫిగాయిడ్ ఒకటి. దీనిని గూర్చి విద్యార్థులు తెలిసికొనుట అవసరమని మేము భావించుచున్నాము.

ఉర్దూలో ‘జిల్ద్’ అను మాటకు చర్మమనియు, పుస్తకపు అట్ట అనియు అర్థములు కలవు. ఈ పోలిక మనకిచట ఉపకరించును. అట్టను పుస్తకమునకు పట్టియుంచు కుట్టువలె, చర్మపు పైపొరను లోపొరతో బంధించు మాంసకృత్తులు కొన్ని కలవు. వానిలో పదునేడవ రకపు కొల్లాజెన్ ముఖ్యమైనది. ఇది పైపొర అడుగుననున్న కణముల గోడను దాటి, క్రింది ఆధారపొరలోనికి చొచ్చుకొనియుండును. కొల్లాజెన్ మూడు పేటల త్రాడువలె పెనవేసికొనియుండునని 1954–55లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించిరి.

రోగక్రిములను ఎదుర్కొనుటకై మన రక్తములో ప్రతిరక్షకములు పుట్టుచుండును. ఈ వ్యాధిలో అవి దారి తప్పి, సొంత కొల్లాజెన్‌నే శత్రువుగా ఎంచి పట్టుకొనును. అంతట తెల్లరక్తకణములు అచటికి చేరి ఎంజైములను విడుదల చేయును. కుట్టు తెగును, పొరలు విడిపోవును, నడుమ నీరు చేరి బొబ్బ ఏర్పడును. పైపొర మొత్తము కప్పుగా నుండుటచే ఆ బొబ్బ బిగువుగా నుండి, త్వరగా చితుకదు.

ఈ వ్యాధి ఎక్కువగా అరువదేండ్లు దాటినవారికి వచ్చును. బొబ్బలకు ముందు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు, తీవ్రమైన దురద ఉండవచ్చును. మన దేశమున దీనికంటె ఎక్కువగా కనబడు పెంఫిగస్ వేరు. అందు పైపొరలోని కణములే ఒకదానినొకటి విడిచిపోవును, బొబ్బలు పలుచగా నుండి సులభముగా చితుకును, నోటిపుండ్లు సాధారణము. ఈ రెండింటిని 1953లో వాల్టర్ లీవర్ వేరుపరచెను. మధుమేహమునకు వాడు గ్లిప్టిన్ మందులు కొందరిలో పెంఫిగాయిడ్‌ను ప్రేరేపించును. కావున వాడుచున్న మందులన్నింటిని వైద్యునికి చూపవలెను.

బొబ్బ ప్రక్కనున్న చర్మము నుండి చిన్న ముక్క తీసి, ప్రత్యేక సూక్ష్మదర్శినిలో పరీక్షింతురు. రెండు పొరల సందున ప్రతిరక్షకములు వెలుగు గీతవలె కనిపించును. చికిత్సకు స్టెరాయిడ్ లేపనములు, మాత్రలు ప్రధానము. దీర్ఘకాలము వాడిన స్టెరాయిడ్ మాత్రలను వైద్యుని సలహా లేక ఒక్కసారిగా మానుట ప్రమాదకరము.

ఇచట ఒక తెలుగువానిని స్మరింపవలెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వము వహించెను. అచట రూపొందిన మెథోట్రెక్సేట్ నేడు ఈ వ్యాధికిని వాడబడుచున్నది. టెట్రాసైక్లిన్ కుటుంబములో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడినది అచటినుండియే. ఆ కుటుంబమునకే చెందిన డాక్సీసైక్లిన్‌తో చికిత్స ప్రారంభించుట, స్టెరాయిడ్ మాత్రలకంటె సురక్షితమనియు, బొబ్బలను అదుపు చేయుటలో అంగీకరింపదగిన ఫలితమిచ్చుననియు 2017లో ప్రకటితమైన పరిశోధన తెల్పినది.

బొబ్బపై చర్మమును ఊడదీయరాదు. పసరులు, బూడిద పూయరాదు. పుండులో చీము పట్టినచో వృద్ధులకు ప్రాణాపాయము కలుగవచ్చును. కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన వైద్యశాలలకు ఆలస్యము లేక తీసికొనిపోవుట మేలు. జాతీయ సేవా పథకము క్రింద పల్లెలకు వెళ్ళు మన విద్యార్థులు ఈ ఒక్క మాట చెప్పినను చాలును: ఈ రోగిని తాకవచ్చును, ప్రక్కన కూర్చుండి భుజింపవచ్చును. వసారాలోనికి చేరిన ఆ మంచమును తిరిగి ఇంటిలోనికి తెచ్చుట కూడ చికిత్సలో భాగమే.