దినుసులు ఇవి... వంటకం ఏది?

* పొడుపుకథలాంటి ఆటలో తెలుగు వంటల గుట్టు
* పొట్లం మీది పట్టిక చదవడం తెలిస్తే ఆరోగ్యానికి రక్ష

సెనగపిండి, బెల్లం, నెయ్యి, యాలకులు... ఈ నాలుగు పేర్లు వినిపిస్తే చాలు, మచిలీపట్నం వాసులు తడుముకోకుండా బందరు లడ్డూ అని చెబుతారు. బియ్యం, నెయ్యి, బెల్లం అంటే కోనసీమ వాసులకు ఆత్రేయపురం పూతరేకులు గుర్తుకొస్తాయి. అవే మూడు దినుసులు మరొక ఇంట పరమాన్నం కావచ్చు, ఇంకొక ఇంట అరిసెలు కావచ్చు. దినుసులు చెప్పి వంటకం పేరు రాబట్టే ఈ ఆట పండుగలకు బంధువులు కూడినచోట పిల్లలకు, పెద్దలకు మంచి కాలక్షేపం. అయితే దీని ప్రయోజనం కాలక్షేపంతో ముగియదు. వంటకం పేరు వినగానే అందులో ఏముందో చెప్పగలగడం, దినుసుల పట్టిక చూడగానే అది ఎటువంటి పదార్థమో పోల్చుకోగలగడం నేటి రోజుల్లో ప్రతి కుటుంబానికీ అవసరమైన విద్య. వేరుసెనగ పడనివారికి, గోధుమ తినకూడనివారికి, మధుమేహంతో బాధపడేవారికి ఇది ప్రాణావసరం కూడా.

మూడు దినుసులు... మూడు మిఠాయిలు

సెనగపిండి, తీపి, నెయ్యి. ఈ మూడింటితోనే బందరు లడ్డూ, తిరుపతి లడ్డూ, మైసూర్‌పాక్ తయారవుతాయి. తేడా అంతా చేసే విధానంలోనే ఉంది. బందరు లడ్డూకు సెనగపిండిని కలిపి, జంతికల మాదిరి వత్తి వేయిస్తారు. వాటిని రోట్లో దంచి, బెల్లం పాకం చేర్చి మళ్లీ దంచుతారు. తొక్కుడు లడ్డూ అనే పేరు ఈ దంపుడు వల్లనే వచ్చింది. తిరుపతి లడ్డూకు అదే పిండిని బూందీగా దూసి, పంచదార పాకంలో వేసి, జీడిపప్పు, ఎండుద్రాక్ష, పటికబెల్లం, యాలకులు చేర్చి ఉండ కడతారు. మైసూర్‌పాక్‌కు వేయించడమంటూ వేరుగా లేదు. మరుగుతున్న పాకంలో పిండిని పోసి, కాగిన నెయ్యి కొద్దికొద్దిగా చేరుస్తూ కలియబెడతారు. నెయ్యి వేడికి పాకం పొంగి గుల్లబారుతుంది.

దినుసులు ఎక్కడైనా దొరుకుతాయి. చేయి తిరిగిన విధానం మాత్రం ఆ ఊరి సొత్తు. భౌగోళిక గుర్తింపు వెనుక ఉన్న ఆలోచన ఇదే. తిరుపతి లడ్డూకు 2009లో, హైదరాబాద్ హలీంకు 2010లో, బందరు లడ్డూకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో ఈ గుర్తింపు లభించింది.

ఒకే మైదా... రెండు కాజాలు

మైదా, పంచదార, నూనె లేక నెయ్యి. ఈ పట్టిక చూసి వంటకం కాజా అని చెప్పడం తేలిక. ఏ కాజా అన్నదే చిక్కు. తాపేశ్వరంలో పిండిని పలుచగా సాగదీసి, మడతలు పెట్టి కోసి, వేయించి పాకంలో వేస్తారు. పొరల మధ్య పాకం నిలుస్తుంది. అది మడత కాజా. కాకినాడలో పిండి ముద్దను గొట్టంలా చేసి వేయిస్తే లోపల బోలుగా ఏర్పడి, ఆ ఖాళీలోకి పాకం చేరుతుంది. అది గొట్టం కాజా. కొరికితే పాకం జలజలా కారుతుంది. పట్టిక ఒక్కటే అయినా నాలుకకు రెండూ వేర్వేరు.

బియ్యప్పిండి బహురూపాలు

బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు అంటే తెలంగాణ పల్లెల్లో సకినాలు. సంక్రాంతి వేళ మహిళలు బట్ట పరిచి, తడి పిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ చుట్లుగా పోస్తారు. కొంత ఆరాక నూనెలో వేస్తారు. అదే పిండికి సెనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు చేర్చి గిన్నె అడుగున అద్ది, వేలితో గుంటలు చేసి, ఆ గుంటల్లో నూనె వేసి సన్నని సెగపై కాల్చితే సర్వపిండి. దీనినే కొన్నిచోట్ల గిన్నెప్ప అని, తపాలచెక్క అని పిలుస్తారు. దాదాపు అవే దినుసులను చిన్న బిళ్లలుగా వత్తి నూనెలో వేయిస్తే కోస్తా ఇళ్లలో చెక్కలు.

పూతరేకుల సంగతి మరీ విచిత్రం. రుబ్బిన బియ్యం పిండిని పాలలా పలుచగా కలిపి, అందులో ముంచిన బట్టను బోర్లించిన కుండపై ఒక్కసారి లాగుతారు. కింది మంట వేడికి ఆ పూత క్షణాల్లో కాగితంలాంటి రేకుగా మారుతుంది. అన్నం తినే ఇంట్లో ఉండే బియ్యమే అది.

వంటకం ఒకటే... ఊరికో పేరు

తడిబియ్యం పిండి, బెల్లం పాకం, నువ్వులు చేరితే మనకు అరిసెలు. ఇవే తమిళనాట అధిరసం, కన్నడనాట కజ్జాయ. పిండి పొరలో సెనగపప్పు, బెల్లం పూర్ణం పెట్టి కాల్చితే కోస్తాలో బొబ్బట్లు, తెలంగాణలో బక్ష్యాలు, రాయలసీమలో ఓళిగలు, మహారాష్ట్రలో పూరన్ పోళీ. కాబట్టి వంటకం పేరు తెలియనంత మాత్రాన అది మనకు కొత్త పదార్థమని, తెలిసినంత మాత్రాన అందులో మన ఇంటి దినుసులే ఉంటాయని అనుకోరాదు. పొరుగు రాష్ట్రాలకు వెళ్లినవారు పేరుకు బదులు దినుసులు అడిగి తెలుసుకోవడం మేలు.

కంటికి కనబడని దినుసులు

ఆటలో పిల్లలు ఎక్కువగా ఓడిపోయేది కంటికి కనబడని దినుసుల వద్దే. పెద్దలు పొరబడేది కూడా అక్కడే.

* హలీం అనగానే అందరికీ మాంసం గుర్తుకొస్తుంది. గోధుమ గుర్తుకురాదు. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి, మసాలాలు గంటల తరబడి ఉడికి, మెదిగి ఒక్కటవుతాయి. గోధుమ పడనివారు దీనిని మాంసం కూరగా భావించి తింటే ఇబ్బంది తప్పదు.

* బగారా బైంగన్‌లో వంకాయ, మిర్చీకా సాలన్‌లో మిరపకాయ పైకి కనిపిస్తాయి. పులుసుకు చిక్కదనమిచ్చేది వేరుసెనగ, నువ్వులు, ఎండుకొబ్బరి ముద్ద. రుబ్బిన తరువాత దేనిని దేనితో వేరుచేసి గుర్తించగలరు?

* పులిహోరలో అన్నం, చింతపండు, పసుపు, పోపు గింజలు ఉంటాయి. గోధుమ ఊసే లేదనిపిస్తుంది. దుకాణాల్లో దొరికే ఇంగువ చాలావరకు అచ్చమైనది కాదు. ఘాటైన ఇంగువ జిగురుకు మైదా లేక గోధుమపిండి, తుమ్మ జిగురు వంటివి కలిపి అమ్ముతారు. ఇది కల్తీ కాదు, అనుమతించిన పద్ధతే. డబ్బాపై రాసి ఉంటుంది. సీలియాక్ వ్యాధి ఉన్నవారికి గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ కొద్దిపాటి చేరినా పేగులకు హాని జరుగుతుంది. వారు ఇంగువ డబ్బాను సైతం చదివి కొనాల్సిందే. బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా మార్కెట్లో లభిస్తుంది.

పొట్లం మీది పట్టిక ఏం చెబుతుంది?

ఇంట్లో వండే రోజుల్లో దినుసులు అడగవలసిన పని లేదు. నేడు అరిసెలు, జంతికలు, పొడులు, పచ్చళ్లు సైతం పొట్లాల్లో వస్తున్నాయి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. ఆ చట్టం కింద 2020లో వెలువడిన లేబుల్ నిబంధనల ప్రకారం పొట్లంపై దినుసుల పట్టిక తప్పనిసరి. ఆ పట్టికలో వరుసకు అర్థముంది. తయారీలో బరువు రీత్యా ఎక్కువగా వాడిన దినుసు ముందు, తక్కువగా వాడినది చివర రాయాలి.

ఈ ఒక్క సూత్రం తెలిస్తే పొట్లం పైనున్న బొమ్మలు మోసగించలేవు. పెద్ద అక్షరాలతో నేతి మిఠాయి అని ముద్రించి, పట్టికలో పామాయిల్ ముందు, నెయ్యి చివర ఉంటే అందులో నెయ్యి ఏపాటిదో అర్థమవుతుంది. బాదం బిస్కెట్ పట్టికలో బాదం ఎక్కడుందో చూడాలి. రాగి లడ్డూలో రాగి ముందుందా, పంచదార ముందుందా గమనించాలి.

తీపి విషయంలో మరింత మెలకువ అవసరం. పంచదార, బెల్లం, లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్, ఇన్వర్ట్ సిరప్... ఇవన్నీ చక్కెర జాతివే. వీటిని విడివిడిగా రాసినప్పుడు ఒక్కొక్కటి పట్టికలో కిందికి దిగిపోతుంది. అన్నీ కలిపితే మొదటి స్థానం వాటిదే కావచ్చు. బెల్లంతో చేసినది కాబట్టి మధుమేహం ఉన్నవారు నిశ్చింతగా తినవచ్చునన్న భావన కూడా సరికాదు. బెల్లంలో అధిక భాగం చక్కెరే. రక్తంలో గ్లూకోజును అదీ పెంచుతుంది.

వనస్పతి, హైడ్రోజనేటెడ్ నూనె అన్న పదాలు కూడా చూడదగినవే. గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వులు వీటి ద్వారానే ఎక్కువగా చేరేవి. నూనెలు, కొవ్వుల్లో ఈ ట్రాన్స్ కొవ్వులు రెండు శాతానికి మించరాదని 2022 జనవరి నుంచి నిబంధన అమల్లోకి వచ్చింది.

పట్టికలో అంకెలు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. అవి ఆహారంలో కలిపే రంగులు, నిల్వ పదార్థాలు వంటి వాటికి ఇచ్చిన అంతర్జాతీయ సంఖ్యలు. 102 అంటే టార్ట్రజీన్ అనే పసుపు రంగు. 211 అంటే నిల్వకు వాడే సోడియం బెంజోయేట్. 330 అంటే సిట్రిక్ ఆమ్లం, అంటే నిమ్మ ఉప్పు.

పడని దినుసు ప్రాణాంతకం

వేరుసెనగ, జీడిపప్పు, రొయ్య వంటివి కొందరి శరీరానికి సరిపడవు. కొద్దిపాటి తిన్నా దద్దుర్లు, పెదవులు, నాలుక వాపు, ఊపిరి అందకపోవడం, రక్తపోటు పడిపోవడం సంభవిస్తాయి. తీవ్రమైతే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అటువంటి లక్షణాలు కనిపిస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

అందుకే గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల వంటివి, వేరుసెనగ, జీడిపప్పు బాదం వంటి గింజలు, సోయా ఉంటే ఆ సంగతి పొట్లంపై వేరుగా ప్రకటించాలని మన నిబంధనలు చెబుతున్నాయి. కిలోకు పది మిల్లీగ్రాములు, అంతకు మించి సల్ఫైట్ ఉన్నా తెలపాలి. నువ్వులు ఈ జాబితాలో లేవు. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వులను తొమ్మిదో ప్రధాన ఎలర్జీ కారకంగా చేర్చారు. అక్కడి పిల్లలకు, మనవలకు అరిసెలు, సకినాలు, నువ్వుల పొడి పంపే తల్లిదండ్రులు పొట్లంపై దినుసుల పేర్లు రాసి పంపడం శ్రేయస్కరం. ఆ పిల్లల స్నేహితులు కూడా వాటిని రుచి చూస్తారన్న సంగతి మరువరాదు.

కొనేటప్పుడు...

* పొట్లంపై ఆహార భద్రత సంస్థ ఇచ్చిన 14 అంకెల సంఖ్య ఉందో లేదో చూడాలి.
* శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ రంగు త్రిభుజం గుర్తులు.
* మిఠాయి దుకాణంలో విడిగా కొనేటప్పుడు ఏ నూనెతో, ఏ నెయ్యితో చేశారో అడగాలి. విందుల్లో వడ్డించేవారిని అడగడానికీ మొహమాటపడరాదు.
* అతిగా మెరిసే పసుపు రంగు మిఠాయిలను అనుమానించాలి. అనుమతి లేని మెటానిల్ ఎల్లో వంటి రంగులు పప్పులు, పసుపు, మిఠాయిల్లో కలిపే అక్రమార్కులున్నారు.
* ఇంటి వద్ద పిండివంటలు చేసి అమ్మే మహిళలు సైతం దినుసులన్నీ స్పష్టంగా రాస్తే కొనేవారికి నమ్మకం పెరుగుతుంది.

చెప్పగలరా?

ఇంటిల్లిపాదీ కూర్చుని ప్రయత్నించడానికి ఆరు పట్టికలు...

1. పెసలు, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర
2. ఉలవలు, చింతపండు, ఉల్లిపాయ, ఇంగువ పోపు
3. వేపపువ్వు, మామిడికాయ, కొత్త చింతపండు, కొత్త బెల్లం, ఉప్పు, కారం
4. రాగిపిండి, బియ్యం, నీళ్లు, ఉప్పు
5. నానబెట్టిన గోధుమల నుంచి తీసిన పాలు, తీపి, నెయ్యి, జీడిపప్పు
6. మినప్పప్పు, బెల్లం, నెయ్యి

జవాబులు: 1. పెసరట్టు 2. ఉలవచారు 3. ఉగాది పచ్చడి 4. రాగి సంగటి 5. మాడుగుల హల్వా 6. సున్నుండలు

ఆరూ చెప్పినవారికి మరో ప్రశ్న. వీటిలో గోధుమ పడనివారు వేటికి దూరంగా ఉండాలి? పాలు పడనివారు వేటిని ముట్టరాదు? గోధుమ పడనివారు ఐదో దానిని తినరాదు. రెండో దానిలో వేసిన ఇంగువ ఏ రకమో అడిగి తెలుసుకోవాలి. పాలు పడనివారు నెయ్యి ఉన్న ఐదు, ఆరు విషయంలో వైద్యుని సలహా లేనిదే ముందుకు వెళ్లరాదు. జీడిపప్పు పడనివారికీ ఐదోది నిషిద్ధమే. ఈ ప్రశ్నకు కూడా తడబడకుండా జవాబు చెప్పే పిల్లలున్న ఇంట్లో పొట్లాలు విప్పే ముందు చదివే అలవాటు దానంతట అదే వస్తుంది.