మీకు తెలుసా? శాంతి దళానికి సొమ్మెవరిది, సైనికులెవరు?

యుద్ధం ఆగిన చోట తెల్ల జీపుల్లో, నీలి హెల్మెట్లతో ఐక్యరాజ్య సమితి శాంతి పరిరక్షక దళం దిగడం టీవీలో చూస్తూనే ఉంటాం. వాళ్లను పంపేదెవరో, ఖర్చు భరించేదెవరో మాత్రం వార్తల్లో పెద్దగా రాదు. ఆ దళం నిలబడాలన్నా, మధ్యలో కూలబడాలన్నా కీలకం అదే.

సొంత సైన్యం లేదు

సమితి నిబంధనావళిలోని 43వ అధికరణం ప్రకారం సభ్యదేశాలు తమ సైన్యంలో కొంత భాగాన్ని భద్రతా మండలికి అందుబాటులో ఉంచుతూ ఒప్పందాలు చేసుకోవాలి. ఇప్పటిదాకా ఒక్క దేశమూ ఆ ఒప్పందం చేసుకోలేదు. అందుకే తీర్మానం నెగ్గిన ప్రతిసారీ అధికారులు ఒక్కో దేశాన్నీ అడిగి బెటాలియన్లను కూడగట్టాల్సి వస్తుంది. 1994లో రువాండాలో జనాన్ని ఊచకోత కోస్తుండగా, మే 17న మండలి 5,500 మంది దళానికి ఆమోదం తెలిపింది. అవసరమైతే సైన్యాన్ని పంపుతామని అంతకుముందే మాటిచ్చిన దేశాలు 19. వాటిలో ఒక్కటీ ముందుకు రాలేదు.

హెల్మెట్‌కు నీలిరంగు హడావుడిగా వేశారు

1956లో సూయజ్ సంక్షోభం వేళ ఈజిప్టుకు సమితి తొలి సాయుధ శాంతి దళం బయలుదేరింది. అప్పటికే అక్కడ బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ సైనికులున్నారు. వాళ్ల మధ్య సమితి సైనికుణ్ని దూరం నుంచే గుర్తుపట్టాలి. నీలి బెరెట్ టోపీలు కుట్టించాలంటే వారాలు పడుతుందని తేలింది. దాంతో అమెరికా సైన్యం వాడే హెల్మెట్ల లోపలి ప్లాస్టిక్ టోపీలను తెప్పించి, వాటిపై నీలిరంగు స్ప్రే చేయించారు. ఆ దళంలో భారత సైనికులూ ఉన్నారు.

బిల్లు కోర్టుకెక్కింది

ఈజిప్టుకు, ఆ తర్వాత కాంగోకు సమితి పంపిన దళాల ఖర్చులో తమ వాటా కట్టబోమని కొన్ని దేశాలు మొండికేశాయి. 1962 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం 9-5 మెజారిటీతో అభిప్రాయం చెప్పింది: ఇవి సమితి ఖర్చులే, సభ్యదేశాలు భరించాల్సినవే. అయినా సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ దిగిరాలేదు. రెండేళ్ల చందాకు సమానంగా బకాయి పడిన దేశం సర్వప్రతినిధి సభలో ఓటు కోల్పోతుందని 19వ అధికరణం చెబుతుంది. ఆ గొడవ తెగక 1964లో మొదలైన సమావేశాలను దాదాపుగా ఓటింగే లేకుండా నెట్టుకొచ్చారు.

వీటో ఉన్నవారికి వాటా ఎక్కువ

శాంతి దళాలకు విడిగా ఒక చందా పట్టిక ఉంది. పేద దేశాలకు 90 శాతం దాకా రాయితీ ఇస్తారు. అలా తగ్గిన మొత్తం భద్రతా మండలిలోని అయిదు శాశ్వత సభ్యదేశాల ఖాతాలో పడుతుంది. దళం పంపాలో వద్దో తేల్చే వీటో వారి చేతిలో ఉంది కాబట్టి బరువూ వారే ఎక్కువ మోయాలన్నది దీని వెనకున్న న్యాయం. 2025 లెక్కలో అమెరికా వాటా 26 శాతం పైనే, చైనా వాటా దాదాపు 24 శాతం. రెండూ కలిస్తే ఖర్చులో సగం. మన దేశం వాటా 0.2 శాతానికి కాస్త అటూఇటూ.

ఒక సైనికుడికి నెలకు 1,448 డాలర్లు

2022 జులై నుంచి సమితి నిర్ణయించిన రేటు ఇది. మన డబ్బులో లక్షా ఇరవై వేల పైమాటే. ర్యాంకు ఏదైనా, దేశం ఏదైనా ఒకటే రేటు. ఇది సైనికుడి జీతం కాదు, పంపిన ప్రభుత్వానికి చేరే సొమ్ము. సైనికుడికి ఎంత ఇవ్వాలో ఆ ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. పెద్ద దేశాలు చందా ఆలస్యం చేస్తే ఈ చెల్లింపూ ఆగుతుంది. అప్పటిదాకా పంపిన దేశమే సొంత ఖజానా నుంచి సర్దుకోవాలి.

జనరేటర్ తిరిగితేనే డబ్బు

బెటాలియన్ తన బండ్లు, జనరేటర్లు, గుడారాలు వెంట తెచ్చుకుంటే సమితి వాటికి అద్దె కడుతుంది. బియ్యం, పప్పులు సమితి ఇస్తుంది. పొయ్యిలు, గిన్నెలు, వంటవాళ్లు బెటాలియన్‌వే. మూడు నెలలకోసారి తనిఖీ బృందం వచ్చి బండ్లు స్టార్ట్ చేయించి, వంటగది, లాండ్రీ, మరుగుదొడ్లు అన్నీ చూసి రాసుకుంటుంది. బండ్లలో పని చేసేవి 90 శాతం కంటే తగ్గితే అద్దెలో కోత పడుతుంది.

విరాళాల మీద నడిస్తే

1964లో సైప్రస్‌కు వెళ్లిన దళానికి దాదాపు మూడు దశాబ్దాలు విరాళాలే దిక్కయ్యాయి. 1993లో గానీ చందా పద్ధతి రాలేదు. ఇప్పుడు ఆ ఖర్చులో మూడో వంతు సైప్రస్ ప్రభుత్వం, ఏటా 65 లక్షల డాలర్లు గ్రీస్ ఇస్తున్నాయి. హైతీ అనుభవం కూడా అలాంటిదే. 2023 అక్టోబరులో కెన్యా నేతృత్వంలోని దళానికి మండలి అనుమతిచ్చింది గానీ, ఖర్చును విరాళాలకు వదిలేసింది. 2,500 మంది ఉండాల్సిన దళం వెయ్యి దగ్గరే ఆగిపోయింది.

నిర్ణయం ఒకరిది, ప్రాణం ఇంకొకరిది

ఇటీవలి ఏళ్లలో అత్యధికంగా సైనికులను పంపుతున్న దేశాలు నేపాల్, రువాండా, బంగ్లాదేశ్, భారత్. వీటిలో ఏ దేశానికీ వీటో లేదు. అమెరికా పంపేది పదుల సంఖ్యలోనే. మన దేశం ఇప్పటిదాకా 2,90,000 మందికి పైగా పంపింది. విధుల్లో అసువులు బాసినవారు దాదాపు 180 మంది, అన్ని దేశాల్లోకీ ఎక్కువ. 1961 డిసెంబరు 5న కాంగోలో వీరమరణం పొందిన కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియాకు పరమవీరచక్ర దక్కింది. 2007లో లైబీరియాకు వెళ్లిన సమితి తొలి మహిళా పోలీసు దళం మన సీఆర్‌పీఎఫ్‌దే.

ఇప్పుడేమైంది?

2024-25లో ఈ దళాల బడ్జెట్ దాదాపు 560 కోట్ల డాలర్లు. 2024లో ప్రపంచం సైన్యాల మీద చేసిన ఖర్చు 2.7 లక్షల కోట్ల డాలర్లు. అంటే అక్కడ వంద డాలర్లు ఖర్చయితే ఇక్కడ పావు డాలరు కూడా కాదు. ఆ కాస్తా సమయానికి అందడం లేదు. 2025 అక్టోబరు నాటికి బకాయిలు 200 కోట్ల డాలర్లు దాటాయి. తొమ్మిది చోట్ల సైనికులను, పోలీసులను పావు వంతు తగ్గించి, 13 నుంచి 14 వేల మందిని వెనక్కి పంపుతామని సమితి అధికారులు ప్రకటించారు. గస్తీ తగ్గిన ఊళ్లలో ముందు నష్టపోయేది ఇళ్లు వదల్లేని పేదలే.

మండలిలో చెయ్యెత్తిన దేశం తన చందా గడువులోగా కట్టాలి. సైనికులను పంపే దేశానికి దళం విధివిధానాలు తేల్చేటప్పుడే మాట చెల్లాలి. ఏటా మే 29 శాంతి పరిరక్షకుల అంతర్జాతీయ దినం. ఆ రోజు నివాళులతో పాటు ఈ రెండు డిమాండ్లూ గట్టిగా వినిపించాలి. ప్రాణాలిచ్చిన దేశంగా అడిగే హక్కు మనకుంది.